రామి ఒత్తిన ఊపిరి

దంతాలపల్లి దాటి మట్టిదారి పట్టుకుని పోతే వచ్చే చిన్న తండాలో రామిని అందరూ 'పాముల రామి' అనేవాళ్లు. పాములు పట్టే మనిషని కాదు. పాము మాట చెవిన పడితేనే కాళ్లు మంచం మీదికి లాక్కుని కూర్చునే మనిషని.

పొద్దు గుంకిన తర్వాత చేతిలో టార్చిలైటు లేకుండా ఆమె గడప దాటేది కాదు. మూసిన తలుపు తీసే ముందు అరచేతులతో దబదబా బాదేది. చెప్పులు బోర్లించి దులిపి గాని కాలు పెట్టేది కాదు. పొయ్యికట్టెలు ఇంటి గోడకు ఆనించి పేరిస్తే ఊరుకునేది కాదు. కోళ్ల గంప దగ్గర నూకలు రాలుతాయి, నూకలకు ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక అది వస్తుంది అని ఆ గంపను పెరడు చివరికి జరిపించింది. పాము అనే మాట కూడా ఆమె నోట వచ్చేది కాదు. అక్కడి పెద్దవాళ్లలాగే 'పురుగు' అనేది. ఆ మాట అనేటప్పుడు కూడా గొంతు తగ్గించేది.

ఆడవాళ్లు నవ్వేవాళ్లు గాని, ఆ భయం ఎక్కడ పుట్టిందో పెద్దవాళ్లకు తెలుసు.

అప్పటికి రామికి బడి ఈడు రాలేదు. వానాకాలం. వాళ్ల గుడిసెలో ఉన్న ఒక్క మంచం మీద తాత పడుకునేవాడు. మిగతా అందరూ నేల మీద బొంత పరుచుకుని ఒకరినొకరు ఆనుకుని పడుకునేవాళ్లు. తండాలో తల్లిని యాడి అంటారు. ఆ రోజు తెల్లవారుతుండగా రామి యాడి లేచి కడుపులో నొప్పి అంది. కాసేపటికి కళ్లు మూతలు పడుతున్నాయంది. నిద్ర తీరలేదేమో అనుకున్నారు. గుంజకు ఆనుకుని కూర్చుని, చూపుడు వేలితో తన రెప్పను తానే పైకెత్తి పట్టుకుని, ఆ సందులోంచి యాడి రామిని చూసింది. వేలు తీస్తే రెప్ప పడిపోయేది. మళ్లీ ఎత్తేది. మళ్లీ చూసేది.

గాలి సోకిందన్నారు. పక్క తండా నుంచి ఒకాయన్ని పిలిపించి తాయెత్తు కట్టించారు, వేపమండలతో దిగదుడిపించారు. మధ్యాహ్నానికి యాడి పోయింది. ఆ తర్వాత బొంత మడతపెడుతుంటే దాని మడతలోంచి జారింది అది. సన్నగా, నల్లగా, ఒంటి మీద తెల్లటి కట్లతో. కట్లపాము. యాడి పడుకున్న వైపు కాదు, రామి పడుకున్న వైపు నుంచి జారింది. రాత్రంతా అది తన పక్కలోనే ఉందని ఆ పిల్లకు అర్థమైంది. ఆ రోజు నుంచి రామి నేల మీద నడుము వాల్చలేదు. పెళ్లికి ఏం కావాలే అని నాయిన అడిగితే నవారు మంచం కావాలంది.

భోజ్యా ఆ మండలంలోనే ఇంకో తండావాడు. రామి ఎంత బెదురో అతనంత నిబ్బరం. కళ్లంలో ధాన్యం కుప్ప మీద, ట్రాక్టరు డబ్బాలో, బండరాయి మీద, ఎక్కడ ఒరిగితే అక్కడ గురక పెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో భార్య మంచం చుట్టూ లైటు వేసి చూసుకుంటుంటే కడుపు పట్టుకుని నవ్వాడు. ఎందుకో తెలిశాక నవ్వడం తగ్గించాడు గాని, భయపడటం మాత్రం నేర్చుకోలేదు.

"నువ్వు భయపడుడు ఇద్దరికి సరిపోతది. నన్ను నిద్రవోనియ్యి" అనేవాడు.

ఏటా దసరా వెళ్లగానే వాళ్ల తండా నుంచి ఒక గుంపు భూపాలపల్లి వైపు పత్తి ఏరడానికి వెళ్లేది. భోజ్యాకు చిన్నాయన వరస అయ్యే రెడ్యా ఆ గుంపుకు పెద్ద. రామి యాడి పోయిన రోజు ఏదో పని మీద వచ్చి ఆ గుడిసె ముందే ఉన్న మనిషి. పిల్లల్ని అత్త సక్రి దగ్గర వదిలి, బియ్యం, ఉల్లిగడ్డలు, గిన్నెలు, పరుపులు ట్రాలీ ఆటోలో వేసుకుని పోతే మళ్లీ పంట ఒడిసేదాకా అక్కడే. చేను గట్టున వెదురు గుంజలు పాతి, నీలం తాడిపత్రి పట్టా కప్పుకుంటే అదే ఇల్లు. ట్రాలీలో చోటు లేదని ఎవరు ఎంత మొత్తుకున్నా రామి తన మంచం ఎక్కించేది. దాని మీద దోమతెర. దోమల కోసం అనేది గాని, రాత్రి పడుకునే ముందు ఆ తెర అంచుల్ని పరుపు కిందికి దోపి, చేత్తో చుట్టూ తడిమి, ఎక్కడా సందు లేదని తేల్చుకున్నాకే తల వాల్చేది.

ఆ ఏడు వాళ్లు దిగిన చేను సోమనర్సయ్యది. అడవి అంచున నల్లరేగడి. గట్లనిండా ఎలుక బొరియలు. రేగడి నెర్రెల్లో చెయ్యి పడితే మోచేతి దాకా పోయేటట్టుంది. దిగిన రోజే సోమనర్సయ్య చెప్పాడు. "ఈ చేన్ల పురుగుబూసి జాస్తి. జర లైటేసుకొని తిరుగుండ్రి. సద్దిమూటలు కింద వెట్టకుండ్రి."

రామి ఆ సాయంత్రమే సద్దిమూటలన్నీ గుంజలకు వేలాడదీసింది.

వారం తిరిగేసరికి ఏరిన పత్తి గుడారంలో కుప్ప పడింది. మబ్బు పట్టి ఉంది. కొనేవాళ్ల బండి రాలేదు. తడిస్తే పాడవుతుందని పత్తినంతా తాడిపత్రి కిందికి చేర్చారు. చలి మొదలైంది. భోజ్యా ఆ కుప్ప మీద బొంత పరిచి ఒరిగాడు.

"మంచం మీదికి రారాదయ్యా. ఇద్దరికి పడ్తది" అంది రామి.

"పడ్తదిగని నవారు సాగి నడుములు గుంజుతానయ్. ఇది సూడు, పట్టు పరుపు లెక్కుంది."

"వెచ్చగుంటదని నువ్వొక్కనివే పండుకుంటవా? దానికి గూడ వెచ్చగనే ఉంటది."

"వస్తె నా పక్కపొంటి పండుకుంటది. పొద్దుగాల్ల లేచి పోతది" అన్నాడు భోజ్యా నవ్వుతూ, అటు తిరిగి పడుకుని.

రామి తెరలోంచి చాలాసేపు అతని వైపు చూస్తూ పడుకుంది. మబ్బు విచ్చాక ఎప్పుడో నిద్ర పట్టింది.

తూర్పు తెల్లబడుతుండగా అతని పిలుపుకే మెలకువ వచ్చింది.

"రామీ, కడుపుల మెలివెడ్తాంది. జర వామునీళ్లు కాగవెట్టు."

బయట పొయ్యి దగ్గర పళ్లు తోముకుంటున్న రెడ్యా ఆ మాట విన్నాడు. "రాత్రి ఎండుచేపల కూర మీద పడి తిన్నడు గదా. అరగలేదు. వాము వడ్తె దిగుతది" అన్నాడు.

అవును, చేపలే అనుకుంది రామి. చేపలే, చేపలే అని మనసులో అనుకుంటూ పుల్లలు ఎగదోసి నీళ్లు పెట్టింది. చిన్నప్పటి నుంచి తన తోడు పడుకున్న భయం ఈ ఒక్కసారికి అబద్ధం కావాలని మొక్కుకుంది. గిన్నెలో వాము వేసింది. నీళ్లు పొంగుతుండగా వెనక్కి తిరిగి గుడారంలోకి చూసింది.

భోజ్యా పత్తి కుప్పకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. చూపుడు వేలితో ఎడమ కన్ను రెప్ప పైకెత్తి పట్టుకుని ఆమెను చూస్తున్నాడు.

"రామీ" అన్నాడు. మాట ముక్కులోంచి వచ్చింది. "కండ్లు తెరుసుకుంటలెవ్వు. నువ్వు ఇద్దరు లెక్క కనవడ్తానవ్."

ఆమె గరిటె పొయ్యి దగ్గరే వదిలేసింది. గుడారం గుంజ పట్టుకుని రెడ్యా వైపు తిరిగింది.

"కాకా, పురుగు ముట్టింది."

రెడ్యా నోట్లో వేపపుల్లతోనే లోపలికొచ్చాడు. "ఏడ ముట్టింది బిడ్డా? గాటు సూపియ్యి."

రామి వెతికింది. కాలివేళ్ల సందులు, మడమలు, పిక్కలు, చేతులు, మెడ, చెవుల వెనక. చొక్కా విప్పి వీపంతా చూసింది. ఎర్రటి మచ్చ లేదు, వాపు లేదు, రక్తపు చుక్క లేదు. గోరుతో నొక్కి, ఇక్కడ నొస్తాందా, ఇక్కడ నొస్తాందా అని అడిగింది. కడుపులో తప్ప ఎక్కడా నొప్పి లేదన్నాడు. ఆ వెతికినంతసేపూ ఆమె చేతులు బొంతకు తగలనివ్వలేదు, మాటిమాటికి ఆ పత్తి కుప్ప వైపు చూసింది. ఏ పోగు కదలకపోయినా కదిలినట్టే అనిపిస్తోంది.

"గాటు లేదు గదా. నీకు ఎప్పుడు గదే పరేషాను" అన్నాడు రెడ్యా. కోపంగా కాదు, సముదాయిస్తున్నట్టే. "నీ మనసు కోసం గూడెంల ఒకాయన ఉన్నడు, మందు పోస్తడు. పిలిపిస్త."

గుంపంతా చుట్టూ మూగింది. రామికి ఇంకో భయం పట్టుకుంది. ఒకవేళ అజీర్తే అయితే? తనే ఊరంతా లేపి, పనులన్నీ ఆపి, పట్నం దాకా పరుగెత్తిస్తే? జన్మంతా నవ్వుతారు. ఆ తలపు వచ్చి కూర్చునేలోపే భోజ్యా మళ్లీ రెప్ప ఎత్తడానికి చెయ్యి లేపాడు. ఈసారి వేలు కంటి దాకా రాలేదు. చెంప మీద ఆగి జారిపోయింది.

"కాకా, మా యాడి గూడ గిట్లనే వేలువెట్టి రెప్ప లేవట్టింది" అంది రామి. "గప్పుడు గూడ గాటు లేదన్నరు. గప్పుడు గూడ తాయెత్తే కట్టిండ్రు. నువ్వుంటివి గదా ఆడ."

రెడ్యా ఆమె ముఖంలోకి చూశాడు. నోట్లోని వేపపుల్ల తీసి పారేశాడు. "సోమనర్సయ్య పటేలుకు ఫోన్ జెయ్యిండ్రి" అన్నాడు.

సోమనర్సయ్య మోటరుసైకిల్ మీద గట్ల వెంటే వచ్చాడు. దారిలోనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. చేను దాకా బండి రాదు, తారురోడ్డు మీద నిలబడతామన్నారు. "నడిపియ్యొద్దన్నరు. తాళ్లు, గుడ్డలు బిగిచ్చి కట్టొద్దన్నరు. కోసుడు, పీల్చుడు ఏం చెయ్యొద్దన్నరు. నోట్ల ఏం పొయ్యొద్దట" అని దిగకుండానే చెప్పాడు. రామి పొయ్యి మీది వామునీళ్లు పారబోసింది.

భోజ్యాను ఎత్తి మధ్యలో కూర్చోబెట్టారు. రామి వెనకెక్కి అతని ఛాతీ చుట్టూ రెండు చేతులు బిగించింది. గట్టు మీద బండి ఎగిరినప్పుడల్లా అతని తల ఆమె భుజం మీద ఇటూ అటూ దొర్లుతోంది. నోటి పక్కనుంచి సొల్లు కారుతోంది. "ఉమ్మి మింగుడు వడ్తలేదు" అన్నాడు ఒకసారి. ఆ తర్వాత ఏమన్నాడో అర్థం కాలేదు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఆమె అరచేతి కింద అతని రొమ్ము లేస్తోందా లేదా అన్నది తప్ప రామికి ఇంకే ధ్యాసా లేదు. బండి అదురులో అది తెలిసేది కాదు. తెలియనప్పుడల్లా అరచెయ్యి ఇంకాస్త అదిమేది.

అంబులెన్సులో సాగర్ అనే కుర్రాడు, ముప్పై దాటని మనిషి, భోజ్యాను పక్కకు తిప్పి పడుకోబెట్టి నోరు తుడిచి ముక్కుకు ఆక్సిజన్ గాలి పెట్టాడు. భూపాలపల్లి దవాఖానలో ఉన్న డాక్టరమ్మ అతని రెప్పలు ఎత్తి చూసింది. తల పైకెత్తమంది. భోజ్యా మెడ కదల్లేదు.

"రాత్రి ఎక్కడ పడుకున్నడమ్మా?"

"పత్తి కుప్ప మీద, మేడం. కని గాటు కనవడ్తలేదు. నేను అంత సూసిన." తప్పు చేసినదానిలా చెప్పింది రామి.

"కట్లపాము కోర మరీ చిన్నది. చాలాసార్లు గాటు కనబడదు, నొప్పి కూడా ఉండదు. నిద్రలో కరిస్తే తెలియను కూడా తెలియదు. నువ్వు తేవడమే మంచిదైంది" అంటూనే ఆమె మందు సీసాలు ఎక్కించే పనిలో పడింది.

మందు ఎక్కుతుండగానే ఊపిరి సన్నబడింది. గొంతులోకి గొట్టం వేశారు. గొట్టం చివర రబ్బరు సంచి. దాన్ని ఒత్తితే గాలి లోపలికి పోతుంది, వదిలితే బయటికి వస్తుంది. "విషానికి విరుగుడు పడ్డది. కాని ఒంట్లో కండరాలు పడిపోయినయ్. అవి మళ్లీ లేచేదాకా మిషిను మీద ఊపిరి పెట్టాలె. వరంగల్‌ల మంచం ఉంది, మాట్లాడిన. దారిపొడుగునా ఈ సంచి ఆగొద్దు" అంది డాక్టరమ్మ. అప్పటికి రెడ్యా కూడా ఇంకో బండి మీద వచ్చి చేరాడు.

అంబులెన్సు మళ్లీ కదిలింది. సాగర్ సంచి ఒత్తుతున్నాడు. రెడ్యా కాళ్ల దగ్గర కూర్చుని కళ్లు మూసుకుని తండా దేవుడు సేవాభాయాను తలుచుకుంటున్నాడు. భోజ్యా ముఖం మైనం ముద్దలా ఉంది. కళ్లు సగం తెరుచుకుని ఎటూ చూడకుండా ఉన్నాయి. రామి ఆ కళ్లను చూడలేక అతని పాదాలు పట్టుకుంది. అవి చల్లగా తగిలాయి.

పరకాల ఇంకా రాకముందు గొట్టంలో గురగురమని చప్పుడు మొదలైంది. గొంతులో సొల్లు నిండుతోంది. దాన్ని మిషినుతో లాగాలంటే సాగర్‌కు రెండు చేతులూ కావాలి.

"అక్కా, ఇటు రా. ఇది పట్టుకో" అన్నాడు.

"నాకు రాదు తమ్మీ. నా చేతులు అదురుతానయ్."

"అదిరినా సరే. నువ్వు ఊపిరి పీల్చినప్పుడు ఒత్తు. నువ్వు విడిసినప్పుడు విడువు. గంతే."

అతను గొంతు తుడిచి గొట్టం బిగించగానే రామి సంచి పట్టుకుంది. పీల్చింది, ఒత్తింది. వదిలింది, విడిచింది. భయానికి ఆమె ఊపిరి కుక్క ఒగర్చినట్టు వస్తోంది. సంచి కూడా అలాగే ఎగిరెగిరి పడుతోంది.

"గంత జల్ది వద్దక్కా" అన్నాడు సాగర్. "నీ ఊపిరి ఆగమాగముంది. గాలి లోపలికి వోయి తిరిగి వచ్చేదాక ఆగాలె. నువ్వు నిమ్మళమైతెనే ఆయనకు గాలి సక్కగ పోతది."

పుట్టి బుద్ధెరిగాక రామి నిమ్మళంగా ఉన్నది ఎన్నడూ లేదు. ఆ రోజు, ఆ బండిలో, అతని ప్రాణం తన రెండు చేతుల మధ్య ఉన్నప్పుడు, నిమ్మళంగా ఉండమన్నారు. ఆమె అతని ముఖం చూడటం మానేసింది. కిటికీ బయట చెట్లు చూడటం మానేసింది. పెదవులు బిగబట్టి ముక్కుతో గట్టిగా పీల్చింది, ఒత్తింది. మెల్లగా వదిలింది, విడిచింది. గుండె దడదడలాడుతూనే ఉంది. దాని జోలికి పోలేదు. ఊపిరి ఒక్కటే తన చెప్పుచేతల్లో ఉంది, దాన్ని వదిలితే అంతా పోతుంది.

ఆమె చేతికి పని కుదిరిందని చూసి సాగర్ సూది మందు, సెలైను సరిచేసుకున్నాడు. కాసేపటికి రెడ్యా కళ్లు తెరిచి భోజ్యాను తేరిపార చూశాడు. చెయ్యి ఎత్తి వదిలాడు. అది దబ్బున పడింది. కంటి ముందు వేలు ఆడించాడు. రెప్ప కొట్టలేదు.

"బిడ్డా, ఇగ లేడు" అన్నాడు నెమ్మదిగా. "బండి మలుపుమందాం. తండకు తీసుకపోతె పిల్లలు కడసూపన్న సూసుకుంటరు."

"గుండె కొట్టుకుంటాంది కాకా. గీ మిషిను తెర మీద సూడు" అన్నాడు సాగర్.

"గాలి మనం కొడ్తె పోతాంది. గది పాణమా?"

రామి సంచి ఒత్తుతూనే ఉంది. నోరు తెరిస్తే ఏడుపొస్తుంది. ఏడుపొస్తే ఊపిరి తప్పుతుంది. తనది తప్పితే అతనిదీ తప్పుతుంది. సాగర్ సంచి అందుకోవడానికి చెయ్యి చాచినప్పుడు కూడా ఆమె కాస్త పక్కకు జరిగిందే గాని వదల్లేదు. బొటనవేళ్లు కొంకర్లు పోయాక గాని ఇవ్వలేదు. హన్మకొండ ఇళ్లు కనిపించేదాకా ఒకరి తర్వాత ఒకరు ఒత్తుతూనే ఉన్నారు.

వరంగల్ పెద్ద దవాఖానలో అతన్ని మిషిను మీద పెట్టారు. రామి బయట వరండాలో ఉండిపోయింది. మర్నాటికి సక్రి పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చింది. కొడుకు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండటం చూసి ఆ ముసలామె ఒకటే శోకం. డాక్టర్లు మాత్రం ఆగమన్నారు. విషం నరాలకు తాళం వేసింది, ఆ తాళం దానంతటదే ఊడుతుంది, అప్పటిదాకా మిషిను కాపాడుతుందన్నారు. రామికి ఆ మాట నమ్మాలనీ ఉంది, నమ్మడానికి భయంగానూ ఉంది. సిమెంటు నేల, పైన లైట్లు, అన్ని పక్కలా జనం. అయినా ఆమె బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకునే కూర్చునేది. లోపలి నుంచి ఎవరు తలుపు తీసినా, అయిపోయింది అని చెప్పడానికే వస్తున్నారనుకునేది.

ఒక సాయంత్రం నర్సు వచ్చి పిలిచింది. వెళ్లి చూస్తే భోజ్యా నుదురు ముడత పడింది. అంతే. మర్నాడు కాలి వేలు కదిలింది. ఆ తర్వాత రెప్ప, ఎవరి వేలూ లేకుండా, కొద్దిగా లేచింది.

గొట్టం తీసిన రోజు గొంతు బొంగురుపోయి గుసగుసగా వచ్చింది. అతను అన్న మొదటి మాట: "రెడ్యా కాకను లోపటికి రానియ్యకు."

"ఎందుకయ్యా? కాక రోజు వచ్చి పోతాండు. నీ కోసం అన్నం గూడ తింటలేడు."

"నన్ను తండకు తీసుకపోదామన్నడు." భోజ్యా కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "నేను ఇంటనే ఉన్న రామీ. అన్ని ఇనవడ్డయ్. లేడు అన్నడు. ఉన్న అందామంటె నాలుక లేదు. కన్నన్న కొడ్దామంటె రెప్ప లేదు. మట్టి పోస్తరు, నేను ఇనుకుంటనే ఉంట అనుకున్న."

అలా కూడా ఉంటుందని రామి భయానికి కూడా ఎప్పుడూ తట్టలేదు. యాడి కూడా ఆ మధ్యాహ్నం అంతా విన్నదా అనే ప్రశ్న అప్పుడే పుట్టింది ఆమెలో. దాన్ని ఎవరినీ అడగలేదు.

"నీ ముక్కు సప్పుడు ఇనవడింది" అన్నాడు భోజ్యా. "బుస్సున పీలుస్తానవ్. అది ఆగినప్పుడల్ల సచ్చిననే అనుకున్న."

సంగతి తెలిసి రెడ్యా ఆ రోజంతా దవాఖాన మెట్ల మీద కూర్చున్నాడు. చివరికి లోపలికి వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. "పాణమున్నదని ఎట్ల తెల్వాలె నాయినా" అన్నాడు. "కట్టె లెక్క ఉంటివి." భోజ్యా అటు తిరిగి పడుకున్నాడు. చాలాసేపటికి చెయ్యి మాత్రం ఇటు చాపాడు.

ఆ పామును ఎవరూ చూడలేదు. గుంపువాళ్లు రెండు రోజులు గుడారం ముఖం చూడలేదు. తర్వాత పొడుగాటి వాసాలతో పత్తి కుప్పను కొంచెం కొంచెంగా లాగి, ఎండలో పరిచి, గోనె బోరాల్లో నింపారట. ఏదీ దొరకలేదు. దొరికి ఉంటే చంపి మరిచిపోయేవాళ్లేమో. దొరకలేదు గనక అందరికీ నిద్రలు పోయాయి. నవ్వినవాళ్లే చెప్పులు దులుపుకోవడం మొదలుపెట్టారు.

భోజ్యా ఇంటికి వచ్చాక పాత భోజ్యా కాదు. చీకటంటే భయం. పడుకున్నాక ఒళ్లు బరువెక్కితే చాలు, ఉలిక్కిపడి లేచి చేతులు ఆడించుకునేవాడు, కదులుతున్నాయా అని. తెర అంచులు రామి ఒకసారి దోపితే అతను మళ్లీ లేచి దోపేవాడు. ఇంట్లో ఒక్కరు భయపడితే రెండోవాళ్లు నిలబెట్టాలి గదా. జీవితమంతా వణికిన రామి, "ఏం గాదు, నేను సూసిన, సందు లేదు, పండుకో" అనడం నేర్చుకుంది. అలా అంటున్నప్పుడు కూడా ఆమె చెవులు నేల వైపే ఉండేవి.

మళ్లీ దసరా వచ్చింది. పని ఎక్కడుంటే అక్కడికి పోవాలి. వద్దనుకుంటూనే అదే చేనుకు పోయారు. ఈసారి ట్రాలీలో మంచాలు పట్టవని రెడ్యా ఎవరినీ తిట్టలేదు. మంచం లేనివాళ్లకు నడుమెత్తున గుంజలు పాతి, వెదురు తడకలు కట్టి మంచెలు వేయించాడు. దోమతెర లేనివాణ్ని బండి ఎక్కనివ్వలేదు. పత్తి కుప్ప గుడారాలకు దూరంగా, మోటరు షెడ్డులో. బియ్యం మూత ఉన్న డబ్బాల్లో. గుడారం చుట్టూ గడ్డి చెక్కి నేల నున్నగా చేశారు. ఎవరికి ఏమైనా, గాటు ఉందా లేదా అని చూడకుండా దవాఖానకే అని రెడ్యా అందరి ముందూ చెప్పాడు. చెప్పి రామి వైపు చూశాడు.

ఒక పొద్దున, ఇంకా మసక ఉండగానే, రామి ముందు, రెడ్యా వెనక గట్టు మీద నడుస్తున్నారు. ఆమె చేతిలో లైటు. నాలుగడుగుల ముందు గట్టుకు అడ్డంగా అది ఉంది. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ, ఒంటి మీద సన్నటి తెల్ల కట్లతో. తొందరేమీ లేనట్టు కదులుతోంది. చిన్నప్పుడు బొంత మడతలోంచి జారిన తర్వాత రామి దాన్ని మళ్లీ చూడటం అదే. లైటును దాని మీంచి పక్కకు పోనివ్వలేదు.

వెనక నుంచి రెడ్యా చేతిలో కర్ర లేచింది. రామి చూడకుండానే చెయ్యి వెనక్కి చాపి కర్ర పట్టుకుంది.

"పోనియ్యి కాకా" అంది. "గురి తప్పితె మన కాళ్లల్లకే వస్తది."

"మల్ల వస్తదేమో బిడ్డా."

"వస్తది. దాని బొక్క గీడనే ఉంటది."

అది గట్టు దిగి నెర్రెలోకి తల పెట్టింది. తోక చివర దాకా లోపలికి పోయేంతవరకు ఇద్దరూ కదల్లేదు. తర్వాత గుంపునంతా ఆపి, ఇవతలి గట్టు మీంచి రమ్మని కేకేసింది రామి. రెడ్యా అందుకుని అరిచాడు. ఆమె నీళ్ల క్యాను బోర్లించి దాని మీద కూర్చుంది.

ఆ రోజు ఎండ ఎక్కేదాకా ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. కాయలోంచి దూదితో పాటు ఎండుటాకు కూడా వచ్చేది. ఆకు కలిస్తే పత్తికి ధర తగ్గుతుంది. చేను చూడ్డానికి వచ్చిన సోమనర్సయ్య ఆమె ఒడి చూసి, "ఆకు బాగ వస్తాంది రామీ" అన్నాడు. ఆమె ఒడిలోని ఆకు ఏరి పారేసింది. పక్క సాలులో ఉన్న భోజ్యా నడుము ఎత్తి ఇటు చూశాడు. తన సాలు అక్కడే వదిలి, ఆమె సాలు చివరికి నడిచి, ఆ సగం తాను పంచుకుని ఆమెకు ఎదురుగా ఏరుకుంటూ రావడం మొదలుపెట్టాడు.